లక్కీ వాళ్ళ ఊరు

జపాన్ గురించి మనం బళ్ళో చదువుకున్నది ఎంత? ఉదయించే సూర్యుడి దేశం, హిరోషిమా, నాగసాకి, భూకంపాలు, ఆ పైన బుల్లెట్ రైలు. మా మనవడు చిన్ను గది గోడమీద ఉన్న జపాన్ పటంలో ఇవేవీ లేవు. ఒక్కో ప్రాంతం మీద ఒక్కో వింత జంతువు బొమ్మ అంటించి ఉంది. ఉత్తరాన ఆరు తోకల నక్క, మధ్యలో వీపు మీద గుల్ల ఉన్న నీలం రంగు జలచరం, కింద గులాబీ రంగులో నోరు తెరుచుకుని ఆలోచిస్తున్నట్టు కూర్చున్న ఇంకోటి. "ఇదేంట్రా?" అంటే "అమ్మమ్మా, ఇది జపాన్!" అన్నాడు, నాకేమీ తెలియదని జాలిపడుతూ.

మా అమ్మాయి, అల్లుడు టోక్యోలో నిషికసాయి అనే పేటలో ఉంటారు. అక్కడ మనవాళ్ళు బోలెడుమంది. కందిపప్పు, చింతపండు, కరివేపాకు అన్నీ దొరుకుతాయి. పోయిన ఏప్రిల్‌లో మావారూ నేనూ వెళ్ళి రెండు నెలలు ఉండి వచ్చాం. అక్కడి సూపర్ మార్కెట్ల గురించి, చెత్త వేరుచేసే పద్ధతి గురించి ఇంకోసారి రాస్తాను. ఈసారి చిన్ను పటం గురించి రాయాలనుంది, ఎందుకంటే ఆ పటం మా ఇంట్లో ఒక వారంపాటు పెద్ద పంచాయితీయే పెట్టించింది.

పోకెమాన్ అంటే పిల్లలున్న ఇళ్ళలో అందరికీ తెలిసిందే. 1996లో వీడియో గేమ్‌గా మొదలైంది. దాన్ని తయారుచేసిన సతోషి తజిరికి చిన్నప్పుడు పురుగుల్ని పట్టుకుని దాచుకునే సరదా ఉండేదట. ఊరు పెరిగి, చెరువులూ పొలాలూ పోయాక ఈ కాలపు పిల్లలకి ఆ సరదా లేకుండా పోయిందని, దాన్నే ఆటగా మార్చాడట. ఈ సంగతి మా అల్లుడు చెప్పగానే నాకు తొలకరికి అగ్గిపెట్టెలో గడ్డి వేసి ఆరుద్ర పురుగుల్ని దాచుకున్న రోజులు గుర్తొచ్చాయి. మా తమ్ముడు తూనీగ తోకకి దారం కట్టి ఎగరేస్తే మా నాయనమ్మ పాపం తగుల్తుందిరా అని తిట్టేది. ఇప్పుడు వీళ్ళ పురుగులన్నీ ఫోన్లో ఉన్నాయి, అంతే తేడా.

ఆ ఫోన్లో ఉన్నవాటిని జపాన్ వాళ్ళు మళ్ళీ నేలమీదికి ఎలా దించారో చూస్తే ముచ్చటేసింది. జపాన్‌లో 47 ప్రిఫెక్చర్లు ఉన్నాయి, మన జిల్లాల్లాంటివి అనుకోండి. కొన్ని ప్రిఫెక్చర్లు ఒక్కో పోకెమాన్‌ని తమ ప్రాంతానికి ప్రచారకర్తగా పెట్టుకున్నాయి. మనం సినిమా హీరోనో క్రికెటర్‌నో పెట్టుకున్నట్టన్నమాట. ఎవరికి ఏది అన్నదానిలోనే తమాషా ఉంది. కగావా అనే చోట ఉడాన్ అనే లావు నూడుల్స్‌కి పేరు. ఎంత పేరంటే వాళ్ళు తమని తాము ఉడాన్ ప్రిఫెక్చర్ అని చెప్పుకుంటారు. కాబట్టి వాళ్ళకి యాడాన్ అనే పోకెమాన్. నోరు తెరుచుకుని కూర్చున్నది అదే. ఉడాన్, యాడాన్, ప్రాస కుదిరింది, పని జరిగింది. ఇసుక దిబ్బలున్న తొత్తొరికి సాండ్ అనే పోకెమాన్. ఇవాతే పేరులో 'ఇవా' అంటే బండరాయి, అందుకని వాళ్ళకి రాయి ఆకారంలో ఉన్నది. మంచు కురిసే హొక్కైడోకి నక్క. మియగికి సముద్రం మీద మనుషుల్ని వీపున ఎక్కించుకుని తీసుకెళ్ళే లాప్రాస్, అదే నీలం రంగు జలచరం.

ఇంకో విచిత్రం వినండి. ఇదే కగావా వాళ్ళు 2020లో పిల్లల వీడియో గేముల మీద ఒక నిబంధన తెచ్చారు. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలు మామూలు రోజుల్లో 60 నిమిషాలు, సెలవు రోజుల్లో 90 నిమిషాలు మించి ఆడకుండా ఇంట్లో పెద్దవాళ్ళు చూసుకోవాలని. ఆడితే శిక్షేమీ లేదు, పెద్దల బాధ్యత అని చెప్పడమే. ఒక పక్క గేమ్‌లో బొమ్మని పట్టుకుని మా ఊరు రండి అని పిలుస్తారు, ఇంకో పక్క గేమ్ ఎక్కువ ఆడకండి అంటారు. మా అమ్మాయి ఇది చెప్పి నవ్వింది గానీ నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. స్వీట్లు చేసిపెట్టేదీ, రెండు తిన్నాక డబ్బా పైన పెట్టేదీ ఇంట్లో ఒక్క మనిషే కదా!

అన్నిటికన్నా నాకు నచ్చింది మ్యాన్‌హోల్ మూతలు. అవునండీ, రోడ్డు మీది మురుగు కాలువ మూతలే. జపాన్‌లో ఆ మూతల మీద ఊరి పువ్వో, కోటో, వంతెనో చెక్కడం ముందునుంచీ ఉంది. 2018 డిసెంబర్‌లో కగోషిమాలోని ఇబుసుకి అనే ఊళ్ళో మొదటిసారి పోకెమాన్ బొమ్మలున్న మూతలు వేశారు. ఆ ఊరి పేరుకి దగ్గరగా ఉంటుందని ఈబుయి అనే పోకెమాన్‌ని ఎంచుకున్నారు. ఇప్పుడు దేశమంతా కలిపి అవి వందల్లో ఉన్నాయి. ఏ రెండు మూతలూ ఒక్కలా ఉండవు. ఒక ఊళ్ళో ఉన్న బొమ్మ ఇంకో ఊళ్ళో చూడలేరు, చూడాలంటే అక్కడికే వెళ్ళాలి. కిటుకంతా అక్కడే ఉంది.

ఒక ఇల్లాలిగా నాకిది చప్పున అర్థమైంది. సెలవులకి ఎక్కడికి వెళ్ళాలన్నది ఇంట్లో ఎవరు తేలుస్తారు? డబ్బు మావారిది, సర్దడం నాది, కానీ "అక్కడికి వద్దు, బోరు" అని పిల్లవాడు ఒక్కమాటంటే ప్రయాణం సగం చచ్చినట్టే. అదే పిల్లవాడు "అక్కడికే వెళ్దాం" అని రోజూ గోల పెడితే మనం చివరికి వెళ్తాం. జపాన్ వెళ్ళినవాళ్ళంతా టోక్యో, క్యోటో, ఒసాకా చుట్టి వస్తారు. పల్లెటూళ్ళకి ఎవరూ వెళ్ళరు. అక్కడి పిల్లలు చదువులకి, ఉద్యోగాలకి పట్నం పోతారు, ముసలివాళ్ళు మిగులుతారు. ఆ కథ మనకేం కొత్త కాదు. అలాంటి ఊరికి ఏడేళ్ళ పిల్లవాడు మారాం చేసి మరీ రైలెక్కించేలా చేశారంటే, ఆ ఆలోచన వచ్చినవాళ్ళ ఇంట్లో కచ్చితంగా పిల్లలుండి ఉంటారు.

మా చిన్ను కూడా ఒక ఊరు పట్టుకుని మారాం చేశాడు. గులాబీ రంగులో, గుండ్రంగా, కడుపు మీది సంచిలో గుడ్డు పెట్టుకుని తిరిగే ఒక పోకెమాన్ ఉంది. జపాన్‌లో దాని పేరు లక్కీ. దాని గుడ్డు తిన్నవాళ్ళకి సంతోషం కలుగుతుందని గేమ్‌లో చెప్తారు. చిన్నుకి అది ప్రాణం, దాని బొమ్మ లేకుండా నిద్రపోడు. లక్కీ పేరుతో ఒక పార్కు ఉందని బళ్ళో స్నేహితుడెవరో చెప్పాడట. జారుడు బల్ల దగ్గర్నుంచి అంతా లక్కీయేనట. "అమ్మమ్మా, తాతయ్యా వచ్చారు కదా, అందరం వెళ్దాం" అన్నాడు.

"ఎక్కడ్రా ఆ పార్కు?"

"ఫుకుషిమా."

మా అమ్మాయి చేతిలో గరిట ఆగిపోయింది. మావారు పేపర్ దించారు.

వాడికి ఏం తెలుసు! వాడు పుట్టడానికి ఎన్నో ఏళ్ళ ముందు, 2011 మార్చి 11న, భూకంపం, సునామీ, ఆ వెంటనే అక్కడి అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం. మనమంతా టీవీల ముందు కూర్చుని చూశాం. ఆ పార్కున్న నమియే అనే ఊరిని అప్పట్లో మొత్తం ఖాళీ చేయించారు. దాదాపు 21 వేలమంది కట్టుబట్టలతో వెళ్ళిపోయారు. 2017 మార్చి చివర్లో ఊళ్ళో కొంత భాగానికి మాత్రం తిరిగి రావచ్చని అనుమతిచ్చారు. వచ్చినవాళ్ళు పదోవంతు. ఫుకుషిమా అనే పేరులో 'ఫుకు' అంటే అదృష్టం, 'షిమా' అంటే దీవి. అదృష్టం కాబట్టి లక్కీ. 2019లో లక్కీని తమ ప్రాంతానికి అండగా నిలిచే పోకెమాన్‌గా ప్రకటించుకున్నారు. 2021 డిసెంబర్‌లో నమియేలో ఆ పార్కు తెరిచారు.

ఆ రాత్రి కాకినాడ నుంచి మా వియ్యపురాలు వీడియో కాల్ చేస్తే, చిన్ను ముందే ఉప్పందించేశాడు. ఆవిడ మొహం మాడిపోయింది. "వదినా, మీరుండీ ఇదేమిటి? ఆడుకోడానికి టోక్యోలో పార్కులే లేవా? ఆ గాలి పీలిస్తే పసివాడికి ఏమన్నా అయితే ఎవరు చూస్తారు? బొమ్మ చూపించి పిల్లల్ని రప్పించుకుంటున్నారు వాళ్ళు" అంది. కోపంగా అన్నా, ఆ మాటలో కొట్టిపారేయడానికి వీల్లేనిది ఒకటుంది. పెద్దవాళ్ళు భయపడే చోటికి పిల్లల్ని ముద్దు బొమ్మతో పిలవడం న్యాయమేనా? పిల్లలకి ఏం తెలుసని? నేను ఆవిడకి జవాబు చెప్పలేదు. "వదినగారూ, అన్నీ కనుక్కునే వెళ్తాం, లేదంటే మానేస్తాం" అన్నాను.

కనుక్కోవడం మా అల్లుడి వంతు. అతను రెండు రాత్రులు కూర్చుని, ఆఫీసులో జపాన్ స్నేహితుల్ని అడిగి, ప్రభుత్వం పెట్టే అంకెలన్నీ చూశాడు. శుభ్రం చేసే పనులకి వాళ్ళు పెట్టుకున్న గురి గంటకి 0.23 మైక్రోసీవర్ట్. పార్కు దగ్గర అందులో సగం కూడా లేదు. "అత్తయ్యగారూ, మన హైదరాబాదు గుట్టలన్నీ గ్రానైట్ కదా. ఆ రాళ్ళలో సహజంగానే యురేనియం, థోరియం కొద్దికొద్దిగా ఉంటాయి. చిన్ను పుట్టిన ఊళ్ళోనూ మీటరు సున్నా చూపించదు" అన్నాడు. అయితే అతనే ఇంకో సంగతీ దాచకుండా చెప్పాడు. నమియేలో కొండల వైపు చాలా భాగానికి ఇప్పటికీ వెళ్ళనివ్వరు. అంతా బాగుందని కాదు, మనం వెళ్ళే చోటు బాగుందని మాత్రమే చెప్పగలనన్నాడు. నాకు ఆ మాట నచ్చింది. అంతా బాగుందన్నట్టయితే నేను వద్దనేదాన్నేమో.

మావారు ముప్పై ఏళ్ళు కరెంటు శాఖలో చేసిన మనిషి. "ఒక్క రోజుకేం కాదు" అని ఆయన తేల్చేశారు. మా అమ్మాయి మాత్రం ఊగిసలాడింది. "అమ్మా, నువ్వేమంటావు?" అని నన్నడిగింది. నేనైతే వెళ్దామన్నాను. ఎందుకన్నానో అప్పుడు చెప్పలేదు గానీ ఇక్కడ రాస్తాను.

మాది దివిసీమ, అవనిగడ్డ. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చినప్పుడు నాకు పదేళ్ళు. మా ఇల్లు డాబా కాబట్టి, సముద్రానికి దూరం కాబట్టి బతికాం. తీరం వైపు ఊళ్ళకి ఊళ్ళే లేకుండా పోయాయి. పదివేలమందికి పైగా పోయారని లెక్క. ఆ తర్వాత నెలల తరబడి జీపుల్లో, కార్లలో ఎవరెవరో వచ్చేవారు. బియ్యం, దుప్పట్లు తెచ్చినవాళ్ళకి దణ్ణం పెట్టాలి. ఊరికే చూడ్డానికి వచ్చినవాళ్ళూ ఉన్నారు. నాకు బాగా గుర్తున్నది మాత్రం ఆ తర్వాత సంగతి. కాలేజీలో చేరినా, పెళ్ళిచూపుల్లోనూ, అత్తవారింటికి వచ్చాక ఇరుగుపొరుగు దగ్గరా, మాది అవనిగడ్డ అనగానే "అయ్యో, ఉప్పెన వచ్చిన చోటా?" అనేవారు. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడి మా ఊరి పక్కనే. కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవి మాదే. వరి చేలు, అరటి తోటలు, పుల్లట్లు, ఎండు చేపల పులుసు, ఇవేవీ ఎవరూ అడిగేవారు కాదు. జాలి చూపించేవాళ్ళ మీద కోపం తెచ్చుకోలేం. కానీ పుట్టినూరు పేరు చెప్పిన ప్రతిసారీ ఎదుటివాళ్ళ మొహం అలా మారిపోతుంటే, కొన్నాళ్ళకి ఊరి పేరు చెప్పకుండా "కృష్ణా జిల్లా" అనడం అలవాటైపోతుంది.

ఫుకుషిమా అనగానే మా అమ్మాయి చేతిలో గరిట ఆగిపోవడం చూసినప్పుడు నాకు ఆ మొహాలే గుర్తొచ్చాయి. చిన్ను మొహం మాత్రం వెలిగిపోయింది. ఆ పేరు విని వెలిగిన మొహం నేను చూసింది అదొక్కటే.

ఒక శనివారం పొద్దున్నే బయల్దేరాం. పులిహోర, పెరుగన్నం, మినప సున్నుండలు కట్టాను. ఎక్కడికెళ్ళినా నాకది తప్పదు. ఉయెనో స్టేషన్లో హిటాచి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దాదాపు మూడు గంటలు. ప్రమాదం తర్వాత ఈ రైలు మార్గంలో కొంత దూరం తొమ్మిదేళ్ళు మూతపడి, 2020 మార్చిలోగానీ పూర్తిగా తెరవలేదు. నమియే దగ్గరపడేసరికి కిటికీలోంచి గడ్డి పెరిగిపోయిన ఖాళీ స్థలాలు, తలుపులు వేసి ఉన్న ఇళ్ళు కనిపించాయి. రైల్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. చిన్ను ఒక్కడే లక్కీని కిటికీకి ఆనించి "చూడు, మీ ఊరొచ్చింది" అంటున్నాడు.

పార్కు పెద్దదేం కాదు. మన ఊళ్ళో కాలనీ పార్కంత ఉంటుందేమో. గులాబీ రంగు జారుడు బల్ల, ఊగే బొమ్మలు, ఎటు చూసినా లక్కీయే. మేం వెళ్ళేసరికి ఓ పదిహేను మంది పిల్లలున్నారు. ఎక్కడెక్కడి నుంచో కార్లలో వచ్చారు. వాళ్ళ అమ్మానాన్నలు మాలాగే బెంచీల మీద, చేతిలో సంచీలతో. ఒక పక్కన రేడియేషన్ కొలిచే మీటరు ఉంది, దానిమీద ఎర్ర అంకెలు వెలుగుతున్నాయి. మావారు కళ్ళజోడు సర్దుకుని చూసి, మా అల్లుడు చెప్పిన లెక్క సరిపోయిందని తలూపారు. జారుడు బల్లా, మీటరూ ఒకే చూపులో కనిపిస్తున్నాయి. మీటరుని ఏ చెట్టు చాటునో పెట్టి ఉండొచ్చు కదా, పెట్టలేదు. పిల్లలెవరూ దాని వైపు చూడలేదు. పెద్దవాళ్ళందరూ వచ్చిన వెంటనే ఒకసారి చూసి, తర్వాత మర్చిపోయారు.

పక్కనే మిచినోఎకి ఉంది. దారిన పోయేవాళ్ళు ఆగి తినడానికి, ఊరి సరుకులు కొనుక్కోవడానికి కట్టే చోటు. జపాన్ అంతా ఇలాంటివి ఉంటాయి. ఇక్కడి నమియే యాకిసోబా పేరున్నది, లావు నూడుల్స్, మొలకలు, పంది మాంసం. పంది మాంసమని మేం తినలేదు. మావారి కన్ను మాత్రం ఇంకో దానిమీద పడింది. అన్నం మీద తెల్లటి బుల్లి బుల్లి చేపలు కుప్పగా పోసి ఇస్తున్నారు. "ఇవి మన మెత్తళ్ళ పిల్లల్లా ఉన్నాయే!" అన్నారు. ఆ ఊరి రేవు ఉకెదో నుంచి వచ్చినవట. మా అమ్మాయి "నాన్నా, చేపలా? సముద్రంలోకి నీళ్ళు వదులుతున్నారు కదా" అంది. నిజమే, 2023 ఆగస్టు నుంచి శుద్ధి చేసిన నీటిని సముద్రంలోకి వదులుతున్నారు, దానిమీద ఇరుగుపొరుగు దేశాలతో చాలా గొడవైంది. మా అల్లుడు ఇదీ చదివొచ్చాడు. చేపల్లో సీజియం కిలోకి 100 బెక్వెరెల్ మించకూడదని దేశమంతటికీ నిబంధన. ఫుకుషిమా జాలర్లు తమకు తాము 50 అని గీత గీసుకున్నారు. ఎవరూ అడక్కుండానే సగానికి తగ్గించుకున్నారన్నమాట. ఒకసారి పేరు పోయిన ఇల్లాలు పక్కింటికి కూర పంపేటప్పుడు రెండుసార్లు రుచి చూసి పంపినట్టు అనిపించింది నాకు. మావారు తిన్నారు, నేనూ రెండు ముద్దలు తిన్నాను. ఉప్పూ కారం లేదు గానీ తాజాగా ఉంది. చిన్నుకి మా అమ్మాయి పులిహోర పెట్టింది, నేనేమీ అనలేదు. ఎవరి భయం వాళ్ళది.

బయటికొచ్చాక చిన్ను లక్కీ బొమ్మ ఉన్న మ్యాన్‌హోల్ మూత దగ్గర బోర్లా పడుకుని ఫోటో దిగాడు. ఇక రైలుకి ఇంకా టైముంది. టాక్సీ మాట్లాడుకుని ఉకెదో బడికి వెళ్దామని మా అల్లుడే అన్నాడు.

ఆ బడి సముద్రానికి మూడొందల మీటర్లే. భూకంపం వచ్చిన మధ్యాహ్నం బళ్ళో 82 మంది పిల్లలున్నారు. టీచర్లు ఏమాత్రం ఆలస్యం చేయకుండా అందర్నీ కిలోమీటరున్నర దూరంలో ఉన్న గుట్ట వైపు నడిపించారు. గుట్ట ఎక్కే దారి తెలిసింది నాలుగో తరగతి పిల్లవాడికి, వాడు బేస్‌బాల్ ఆడ్డానికి అక్కడికి వెళ్తుండేవాడట. 82 మందీ బతికారు. బడిని కూల్చకుండా అలాగే ఉంచి 2021 అక్టోబర్ నుంచి చూడనిస్తున్నారు. గోడలు చీలిపోయి, ఊచలు వంగిపోయి, గడియారం అలలు తాకిన నిమిషం దగ్గర ఆగి ఉంది. హాల్లో నేల కుంగిపోయింది, వేదిక పైన స్నాతకోత్సవం పలక అలాగే వేలాడుతోంది. చుట్టూ ఊరుండేదట. ఇప్పుడు ఖాళీ మైదానం.

పిల్లలు బతికారు, ఊళ్ళో చాలామంది బతకలేదు. శిథిలాల కింద ఉన్నవాళ్ళని వెతకడానికి మరునాడు తెల్లారాక వెళ్దామనుకునేసరికి, రేడియేషన్ వల్ల ఊరు ఖాళీ చెయ్యమన్నారు. వెతకడానికి వీల్లేకపోయింది. ఇది చదువుతూ మా అల్లుడి గొంతు ఆగిపోయింది. మా దివిసీమలో ఉప్పెన తర్వాత మావాళ్ళు కనీసం వెతుక్కోగలిగారు. నేను అక్కడ కాసేపు కూర్చుండిపోయాను.

చిన్నుకి ఎంతవరకు చెప్పాలో మాకు తెలియలేదు. వాడే అడిగాడు, "ఇంతమంది పిల్లలూ తప్పించుకున్నారా?" అని. అవునన్నాం. "మరి లక్కీ ఊరు కదా!" అన్నాడు. వాడి అమ్మ ఏదో చెప్పబోయి ఊరుకుంది. మిగతాది పెద్దయ్యాక తెలుసుకుంటాడు. తెలుసుకునే రోజుకి ఆ ఊరు వాడికి పరిచయమైన ఊరే అవుతుంది, టీవీలో చూసిన ఊరు కాదు.

టాక్సీ నడిపిన పెద్దాయనకి డెబ్భై ఉంటాయి. ఆయన తిరిగొచ్చినవాళ్ళలో ఒకరు. పిల్లలు మాత్రం వేరే ఊళ్ళో స్థిరపడ్డారట, మనవలు చూసి వెళ్తుంటారట. "ముందు మా మనవలు ఇక్కడ ఏముందని వచ్చేవారు కాదు. ఇప్పుడు పార్కుందని వస్తున్నారు. నాకోసం రారు, లక్కీ కోసం వస్తారు. ఎలాగైతేనేం, భోజనం మాత్రం నా ఇంట్లోనే" అన్నాడని మా అల్లుడు అనువాదం చేసి చెప్పాడు. మావారూ ఆయనా ఒకేసారి నవ్వారు. మాకు అనువాదం అక్కర్లేని మాట అదొక్కటే.

ఇదంతా చూశాక కూడా నాకు సందేహాలు లేకపోలేదు. ఒక గులాబీ బొమ్మ వల్ల ఊరు నిండదు. పార్కుకి వచ్చినవాళ్ళు సాయంత్రానికి వెళ్ళిపోతారు, మేమూ వెళ్ళిపోయాం. రేపు పిల్లలకి ఇంకో గేమ్ మీదికి మనసు పోవచ్చు. ప్రమాదానికి కారణమైనవాళ్ళ లెక్కలు బొమ్మల వెనక దాక్కుంటాయేమో అనే అనుమానం కూడా ఉంది, మా వియ్యపురాలి మాటలో పస ఉన్నది అక్కడే. పక్కన ఆ బడి లేకుండా ఒక్క పార్కే ఉండి ఉంటే, ఆవిడ అన్నదే నేనూ అనేదాన్ని. పార్కు, మీటరు, బడి, మూడూ అరగంట దూరంలో ఉంచారు. ఎవరికి ఎంత కావాలో అంత చూడొచ్చు, ఏదీ దాచలేదు.

తిరిగొచ్చే ముందు మిచినోఎకిలో రెండు కప్పులు కొన్నాను. ఓబోరి సోమా అనే పనితనం, ఆ ఊరిదే. ఆకుపచ్చ రంగు మీద సన్నటి పగుళ్ళ గీతలు, పరుగెత్తే గుర్రం బొమ్మ. గోడ రెండు పొరలుగా ఉంటుంది, లోపల టీ ఎంత వేడిగా ఉన్నా చెయ్యి కాలదు. ఆ కుమ్మరులు కూడా ఊరొదిలి వేరే చోట్ల బట్టీలు పెట్టుకున్నారట.

ఇండియా వచ్చాక కాకినాడ వెళ్ళినప్పుడు వాటిలో ఒకటి మా వియ్యపురాలికి ఇచ్చాను. ఆవిడ తిప్పి తిప్పి చూసింది. "బావుంది వదినా, కాఫీకి బావుంటుంది. ఎక్కడిది?" అంది. నేను ఒక్క క్షణం ఆగాను. ఫోన్లో వీడియో కాల్‌లో ఉన్న చిన్ను నాకన్నా ముందే అరిచాడు, "నానమ్మా, అది లక్కీ వాళ్ళ ఊరిది!"

ఆవిడ నా వైపు చూసింది. కప్పు కింద పెట్టలేదు. "సరే, మొదట బాగా మరిగించిన నీళ్ళతో కడుగుతాను" అంది. కడిగి, అందులోనే నాకు కాఫీ ఇచ్చింది. ఆవిడ మాత్రం స్టీలు గ్లాసులో తాగింది. పర్వాలేదు, అలమరలో ముందు వరసలోనే పెట్టింది.